వినికిడి, వెదకులాట, సభ: మన్సూరాబాదు యువజనుల సంగీతాభిరుచి

పదునాలుగేండ్ల ప్రాయమున ఒక పాటకు పరవశుడైన బాలుడు ఇరువదియవ యేట అదే పాట చెవిని బడగా మొగము త్రిప్పుకొనుటయు, ముప్పదియవ యేట మరల దానినే ఆర్తితో వెదకుకొనుటయు మనమెల్లరము ఎరిగిన సంగతియే. ఈ మార్పునకు కారణమేమని అడిగినచో పెద్దలు కాలము చెడినదందురు; పాటలు అమ్ముకొని బ్రతుకువారు ఎవరికి నచ్చినది వారు వినుచున్నారు, అందులో విచారింపవలసినదేమియు లేదందురు. ఈ రెండు మాటలును విషయమును స్పృశింపక ప్రక్కనుండి సాగిపోవుచున్నవని నా అభిప్రాయము. అభిరుచి చెడిపోవునదియు కాదు, ఒంటరిగా ఎన్నుకొనునదియు కాదు. అది ఒక స్థలమున, ఒక సావాసమున, కొన్ని సాధనముల మూలమున క్రమక్రమముగా ఏర్పడునది. ఆ యేర్పడు విధమును భాగ్యనగరమునకు తూర్పు కొసనున్న మన్సూరాబాదు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములను కనులయెదుట నుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ప్రాంతమునే ఏల ఎన్నుకొనవలెనన్న, ఇచ్చట సంగీతమునకు పాతుకొనిపోయిన సంప్రదాయపీఠమేదియు లేదు. చిక్కడపల్లికి త్యాగరాయ గానసభ కలదు. నాంపల్లికి దర్గా కవ్వాలీ కలదు. పాతబస్తీకి మర్ఫా కలదు. మన్సూరాబాదు మాత్రము విజయవాడ రహదారి నగరమున ప్రవేశించు వాకిట, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములనుండి వచ్చినవారు స్థలములు కొనుక్కొని ఇండ్లు కట్టుకొనగా పెరిగిన ఊరు, ఎల్.బి.నగర్ పురపాలక సంఘముతో పాటు 2007లో మహానగర పాలక సంస్థయందు కలిసినది. ఒకే వీధిలో ఒక యింట కోదాడ తట్టు నాట్లపాట, ప్రక్కయింట తెనాలి తట్టు పద్యనాటకపు రాగము, మేడమీద అద్దెకున్నవారియింట చర్చి గీతము వినవచ్చుట ఇచ్చట వింత కాదు. దిల్‌సుఖ్‌నగరమా, శిక్షణాలయములకును వసతిగృహములకును నెలవు; ఉద్యోగపరీక్షలకును, కంప్యూటరు విద్యకును ప్రతి మండలమునుండియు యువతీయువకులు వచ్చి, ఒక గదిలో నలుగురైదుగురు చొప్పున కాలము గడపుదురు. ఇట్టి చోట ఒకని అభిరుచి వంశమునుండి గాక పొరుగునుండి వచ్చును. కావున అది ఎట్లు పుట్టి ఎట్లు మారునో ఇచ్చట స్పష్టముగా గోచరించును.

మొట్టమొదట చెప్పవలసినది, ఎవరును ఎన్నుకొనని వినికిడినిగూర్చి. బాలునకు పాటలు వెదకుకొను వయసు రాకమునుపే అతని చెవి సగము తీరుబడియుండును. తెల్లవారుజామున గుడి మైకునుండి వచ్చు సుప్రభాతము, గురువారమునాడు దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా మందిరపు హారతి, మసీదునుండి అజాను, ఆషాఢమున బోనాల వెంట డప్పు, భాద్రపదమున గణపతి మండపములయొద్ద నడిరేయి కావచ్చువరకు మ్రోగు డీజే పెట్టెలు, పెండ్లి బరాతులో తీన్మారు, ఇవన్నియు ఎవరును కోరక, ఎవరును నేర్పక, ఊపిరితోపాటు లోపలికి పోవును. 1968లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జయాన్స్ ఒక వ్యాసమున, ఏ వస్తువునైనను మరల మరల ఎదుర్కొనుటచేతనే, వేరొక కారణమేమియు లేకుండగనే, దానియందు మనకు ఇష్టము పెరుగునని నిరూపింప యత్నించెను. బోనాల డప్పు వినబడినంతనే సాఫ్టువేరు కొలువులోనున్న యువకుని భుజములు కదలుటకు ఇంతకన్న మంచి వివరణ నాకు దొరకలేదు. అయినను జయాన్స్ సిద్ధాంతము ఇష్టమునకు కారణమును చెప్పునేగాని, వివేకమునకు కారణమును చెప్పదు. పరిచయముచేత ప్రీతి కలుగవచ్చును. దేనిలో ఏమున్నదో తెలియుటకు పరిచయమొక్కటియే చాలదు.

తీన్మారును, మర్ఫాను గూర్చి ఒక మాట. పెద్దలు వీనిని గోలయని త్రోసిపుచ్చుట నేనెరుగుదును, అది అన్యాయము. మర్ఫా అనునది హద్రమౌత్ అరబ్బులును, ఆఫ్రికా సంతతివారైన సిద్దీలును నిజాము సైన్యములతో ఈ నగరమునకు తెచ్చిన వాద్యసంప్రదాయము, బార్కస్‌లోను, ఏ.సి. గార్డ్స్‌లోను నిలిచి, అచ్చటినుండి హిందువుల పెండ్లి ఊరేగింపులకు సైతము వ్యాపించినది. హైదరాబాదు కుర్రవాడు లయను నేర్చునది మొదట వీధిలోనే. కర్ణాటక సంగీత కచేరీలో తని ఆవర్తనము వచ్చినప్పుడు, రాగమును గుర్తింపజాలని యువకుడు సైతము మృదంగ విన్యాసమును ఒడిసిపట్టుకొని కూర్చున్నచోటనే ఊగుట చూచినచో, ఆ వీధివిద్య వృథా పోలేదని బోధపడును.

జానపదము సంగతి మరింత విపులముగా చెప్పదగినది. ఈ ప్రాంతమునకు వలసవచ్చిన మొదటితరమువారు ఊరిపాటను ఊరిలోనే విడిచివచ్చిరి. నగరమున దానిని పాడుట నామోషియను భావము వారికుండెడిది. పొలము పోయినప్పుడు నాట్లపాటకు పనియును పోయినది. దానికి తిరిగి గౌరవము తెచ్చినవి ప్రధానముగా ఉద్యమ వేదికలు. గద్దరు గొంతు అంతకుముందే కొన్ని దశాబ్దములుగా పల్లెపల్లెకు పాకియుండెను. ప్రత్యేక తెలంగాణోద్యమ కాలమున ధూంధాం సభలు పాటను రాత్రులకు రాత్రులు నడిపించినవి. గోరటి వెంకన్న తన పాటను తాను పాడుచు ఆడుచు వేదికనెక్కగా, కళాశాల విద్యార్థులు పుస్తకముల అవసరము లేకయే కవిత్వమును కంఠస్థము చేసిరి. ఆ వెంకన్నకే ‘వల్లంకి తాళం’ అను గ్రంథమునకు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. మాటీవీలో ‘రేలా రే రేలా’ కార్యక్రమము పల్లె గొంతులను నట్టింటికి తెచ్చెను. 2014లో బతుకమ్మ రాష్ట్రపండుగయైన పిమ్మట ఏటేట క్రొత్త బతుకమ్మ పాటలు యూట్యూబున వెలువడుట ఆచారమైపోయినది. మంగ్లి వంటి గాయనులకు ఆ మార్గముననే ప్రసిద్ధి వచ్చెను. ‘లవ్ స్టోరీ’ చిత్రమునందలి సారంగదరియా పాట 2021లో ఊరూర మ్రోగినప్పుడు, సుద్దాల అశోక్‌తేజ ఒక జానపదగీతము నాధారముగా దానిని వ్రాసెననియు, ఆయన తండ్రి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధపోరాట కాలపు ప్రజాకవియనియు తెలిసికొన్న యువకులు కొందరైనను కలరు. నాయనమ్మ పాటను మనుమడు ఫోనులో కనుగొని, ఆమెకే వినిపించి, ఆమె నోట ఇంకొక చరణమును రాబట్టుకొనుట, ఈ వీధులలో నేడు జరుగుచున్న సంగీత సంఘటనలలో కెల్ల నాకు మిక్కిలి ప్రియమైనది.

ఇక వెదకులాట. సాధనములు మారినకొలది వెదకు తీరు మారుచు వచ్చినది. ఒక తరమునకు రేడియోయే దిక్కు: 1957 అక్టోబరు 3న ఆరంభమైన వివిధభారతి, సిలోను రేడియోలో మీనాక్షి పొన్నుదొరై వినిపించిన తెలుగు పాటలు, విజయవాడ కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావు తీర్చిదిద్దిన భక్తిరంజని. వినదలచిన పాట ఎప్పుడు వచ్చునో తెలియక వేచియుండుటవలన, వలదనుకొన్న పాటలను గూడ వినవలసివచ్చెడిది. ఆ వినుటయే వారికి విద్యయైనది. అటుపిమ్మట క్యాసెట్టు వచ్చెను. ఖాళీ క్యాసెట్టును, కోరిన పాటల పట్టికను దుకాణదారునకిచ్చి, రెండుమూడు దినములు కాచుకొని, అటొక ప్రక్క ఇళయరాజాను, ఇటొక ప్రక్క ఘంటసాలను నింపించుకొన్నవారు, దుకాణదారుడు చివర మిగిలిన జాగాలో తన యిష్టమున చేర్చిన పాటను గూడ వినవలసివచ్చెడిది. అట్లు యాదృచ్ఛికముగా చేరిన పాటయే కొందరికి జీవితాంతము తోడైనది. 1996లో ఈటీవీయందు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము ఆరంభించిన ‘పాడుతా తీయగా’ వేరొక విధమైన మేలు చేసినది. పాడినవారి తప్పును నవ్వుచు, మన్ననతో, కారణము చూపుచు ఆయన దిద్దునప్పుడు, శ్రుతి తప్పుట యననేమో, సంగతి జారుట యననేమో, మాట విరుపులో భావమెట్లు చెడునో సంగీతము నేర్వని గృహస్థులకు సైతము తెలిసివచ్చెను. తెలుగునాట సామాన్యశ్రోతకు విమర్శ నేర్పిన పాఠశాల అంతకన్న పెద్దది మరియొకటి ఏర్పడలేదు. 2006 ప్రాంతమున వచ్చిన ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములనుగూర్చి చెప్పదగినది స్వల్పము. అవి క్రొత్త పాటను వేగముగా పంచినవి, పాతపాటను రాత్రివేళకు నెట్టినవి.

మెమొరీ కార్డు కాలమును మాత్రము చరిత్రకారులు అలక్ష్యము చేయుచున్నారు. దిల్‌సుఖ్‌నగర్ మొబైలు దుకాణములలో కొద్దిపాటి రూపాయలకు కార్డునిండ పాటలెక్కించి యిచ్చెడివారు. ఎక్కించువాని కంప్యూటరులో ఏది యున్న అది మన ఫోనులోనికి వచ్చెడిది: తెలుగు, హిందీ, తమిళము, ఎమినెం, భక్తిగీతములు, అన్నియు ఒకే సంచిలో. వసతిగృహమున ఒకని ఫోనునుండి మరియొకని ఫోనునకు బ్లూటూతు ద్వారా పాట పోవుటకు పట్టు కాలమున, ఇచ్చువాడు ఆ పాటను గూర్చి నాలుగు మాటలు చెప్పక యుండలేకపోయెడివాడు. పాటతోపాటు దాని సమర్థనయు చేతులు మారినది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ఆరంభమై డేటా చౌకయైనది, 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై భారతదేశమున అడుగిడినది. అప్పటినుండి ప్రపంచమునందలి సంగీతమంతయు అరచేతికి వచ్చెను గాని, ఆ నాలుగు మాటలు చెప్పువాడు తెర వెనుకకు పోయి, అతని స్థానమున గణితయంత్రము కూర్చుండెను. యంత్రము నిన్న విన్నదానిని బట్టి నేడు వినవలసినదానిని సూచించును. అది చెడ్డదని నేననను. అది లేనిచో సూర్యాపేటనుండి వచ్చిన బాలిక చెవికి మాలీ దేశపు గిటారు చేరుట దుర్లభము. కాని ఏల వినవలెనో అది చెప్పదు.

నచ్చుట యననేమో తెలుపు ప్రయోగమొకటి 2006లో ‘సైన్సు’ పత్రికలో వెలువడినది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అను మువ్వురు పండితులు పేరులేని బృందముల పాటలు 48 తీసికొని, 14,000 మందికి పైగా శ్రోతలను వేరువేరు సమూహములుగా విభజించి వినిపించిరి. కొందరికి ఇతరులు ఏ పాటను ఎన్నిమార్లు దింపుకొనిరో కనిపించునట్లును, కొందరికి కనిపించకుండునట్లును ఏర్పరచిరి. ఇతరుల యెంపిక కనిపించిన సమూహములలో గెలిచిన పాటలకును ఓడిన పాటలకును అంతరము పెరుగుటయేగాక, ఒక సమూహమున అగ్రస్థానమున నిలిచినది మరియొక సమూహమున వెనుకబడెను. మిక్కిలి మంచిపాట అడుగునకు పోవుటయు, మిక్కిలి చెడ్డపాట పైకి వచ్చుటయు అరుదు. నడుమ నున్నవాని గతి మాత్రము మొదట విన్నవారి చేతిలోనే యుండెను. కోట్లసంఖ్యలో చూడబడినదని తెరపై కనిపించు పాటను మనము ఇష్టపడునప్పుడు ఆ యిష్టములో ఎంత మనదో ఈ ప్రయోగమును చదివిన పిమ్మట సులభముగా చెప్పలేము. ఎవరికి నచ్చినది వారు వినుచున్నారను వ్యాపారుల మాట ఇచ్చటనే కూలిపోవుచున్నది.

వయస్సును గూర్చియు పరిశోధనలు కలవు. హోల్‌బ్రూక్, షిండ్లర్ అనువారు 1989లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, శ్రోతకు సుమారు ఇరువదిమూడున్నర యేండ్లున్నప్పుడు జనాదరణ పొందిన పాటలయెడలనే ఆ శ్రోతకు జీవితమున అధికప్రీతి. 2018లో సేథ్ స్టీఫెన్స్-డేవిడోవిట్జ్ స్పాటిఫై సమాచారమును పరిశీలించి, ఆ వయస్సును పురుషులకు పదునాలుగు, స్త్రీలకు పదుమూడు ప్రాంతమునకు దింపెను. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న పదేండ్లే, అనగా పాఠశాల చివరి తరగతులనుండి తొలి ఉద్యోగమువరకు గల కాలమే, మన విచారణకు ముఖ్యము. మన్సూరాబాదున పెరిగిన యువకుడు ఆ పదేండ్లను పాఠశాలలో, ఇంటర్ కళాశాలలో, ఇంజనీరింగు బస్సులో, శిక్షణాలయమున గడపును. 2007లో ‘హ్యాపీ డేస్’ చిత్రమునకు మిక్కీ జె. మేయర్ కూర్చిన పాటలు నాటి విద్యార్థులకు నేటికిని కన్నీరు తెప్పించుటకు పాటల గుణమొక్కటియే కారణము కాదు. ఇక సమాజశాస్త్రజ్ఞుల మాట: ఫ్రాన్సు పండితుడైన పియర్ బోర్డ్యూ 1979లో అభిరుచి వర్గమునకు గుర్తుయని వాదించెను, పీటర్సన్, కెర్న్ అనువారు 1996లో పై వర్గమువారు ఇప్పుడు ఉన్నతసంగీతమునే గాక అన్నిటిని వినుచున్నారని చూపిరి. ఫ్రాన్సుదేశపు కొలత మనకు పూర్తిగా అమరదు. మన దేశమున చలనచిత్రగీతము ధనికుని, దరిద్రుని ఒకే పాటతో జోకొట్టినది. అయినను ఇంగ్లీషు మాధ్యమమున చదివినవాడు తాను తెలుగు పాటలు వినుటను దాచుకొనిన కాలమొకటి ఇచ్చటను గడచినదని ఒప్పుకొనక తప్పదు.

ఒక అభిరుచి పోయి మరియొకటి వచ్చునను మాట సరి కాదు. ఈ ప్రాంతపు ఇండ్లమీద కొడుకు పెండ్లికి ఒక అంతస్తు, అద్దెకొరకు ఒక అంతస్తు లేచినను క్రింది గది అట్లే యుండు రీతిని, పాత పాటపై క్రొత్తది లేచునేగాని పాతది కూలదు. ఒక ఉదాహరణము చూపెదను. 1980లో వచ్చిన ‘శంకరాభరణము’ను తల్లిదండ్రులతో టీవీలో చూచిన బాలునకు, మైసూరు వాసుదేవాచార్యుల కమాసు రాగకృతి సినిమాపాటగా పరిచయమగును. కొన్నేండ్లకు దానినే యూట్యూబున వెదకగా మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడినది కనబడును. అది సినిమాలోనిదానికన్న దీర్ఘము, నెమ్మది, మొదట విసుగు పుట్టించునది. మరల కొన్నేండ్లకు బెంగుళూరు బృందమైన అగం విద్యుద్గిటారులతో త్యాగరాజకృతిని పాడగా విని ఉప్పొంగును. అటనుండి వెనుకకు మరలి, మునుపు విసుగనిపించిన బాలమురళి గానమునే మరల వినగా ఈమారు అది విసుగు కాదు. సినిమా, యూట్యూబు, రాక్ బృందము, ఇవి మూడును అతనిని కృతియొద్దకు కొనిపోయినవి, ఏదియు అడ్డుపడలేదు. రాక్ సంగీతము వినువాడు సంప్రదాయమునకు దూరమగునను పెద్దల భయమునకు నేను ఆధారమేమియు కానలేదు. త్రోవలన్నియు ఇట్లు శుభముగా ముగియవు. చాలమంది రెండవమెట్టునొద్దనే ఆగుదురు. ఆగుటకు కారణము రుచిలోపమని నేను నమ్మను. మూడవ మెట్టు చూపు తోడు లేకపోవుట.

సినిమాపాట నీడనుండి వెలుపలికి రావలెనను కోరిక ఈ నగరమున వింత ఫలములనిచ్చినది. చౌరస్తా బృందము తెలుగు మాటతో, పల్లె బాణీతో గిటారును కలిపి పాడినది. దానినుండి వచ్చిన రామ్ మిర్యాల 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రమున పాడి ఇంటింటివాడాయెను. తన పాటలను తానే వీడియోలుగా తీసికొని యూట్యూబున పెట్టుకొన్న నగరయువకుడు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవతో కలిసి 2023 మార్చిలో ఆస్కారు వేదికపై నాటునాటు పాడెను. డెత్ మెటల్ బృందమైన గాడ్‌లెస్ ఈ నగరపుదే. 2021లో సంపూర్ణమైన ఆల్బము నొకదానిని వెలువరించినది. ఇట్టి సంగీతము నాకు రుచింపదు. కాని ఆ శబ్దమునకు పట్టుదల ఎంత కావలెనో, వాయించువారి సాధన యెంత కఠినమో కచేరీయొద్ద చూచినవాడు దానిని పిచ్చికేకలని అనజాలడు.

ఇచ్చట కచేరీ మాట వచ్చినది గనుక, ఈ వ్యాసమునకు కేంద్రమైన సంగతిని చెప్పెదను. వెదకులాట పరిచయమును పెంచును. వివేకము సభలో పుట్టును. మన ఆలంకారికులు రసికుడు పుట్టుకతోనే సిద్ధముగా వచ్చునని చెప్పలేదు. పలుమార్లు కావ్యము నాశ్రయించి మనస్సు నిర్మలము చేసికొన్నవానికే రసము పట్టుబడునని అభినవగుప్తుడు చెప్పెను. సంగీతమున ఆ యభ్యాసము పదిమంది నడుమ జరుగవలెను. ఫోనులో పాట విసుగు పుట్టినంతనే వ్రేలితో త్రోసివేయబడును. సభలో లేచిపోవుట అంత సులభము కాదు. ప్రక్కవాని మోకాలు అడ్డు వచ్చును, గాయకుని చూపు తగులును. అట్లు కూర్చుండవలసివచ్చినందువలన ఆలాపన మొదటి పదినిముషములు అర్థము కాకున్నను, పదునొకండవ నిముషమున ఏదియో ఒక సంచారమునకు ముందువరుసలోని వృద్ధుడు తల నూపగా, అతడు ఊపినదెచ్చటనో గమనించి, అచ్చట చెవి యొగ్గుట నేర్తుము. నెరవలు, స్వరకల్పన, తని ఆవర్తనము, వీని యెత్తుగడ పుస్తకమున చదువవచ్చును. తాళము వేయుచున్న పొరుగువాని తొడమీది చేతిని చూచి నేర్చినది మరపునకు రాదు. నాంపల్లి యూసుఫైను దర్గాలోగాని, మరియొకచోటగాని కవ్వాలీ విన్నవానికిని ఇదే అనుభవము: పద్మశ్రీ గ్రహీత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పరంపర ఈ నగరమున నేటికిని నిలిచియున్నది, అచ్చట శ్రోత ఒక పంక్తికి చలించినచో గాయకుడు దానినే మరల మరల పాడును. వినువాడు పాటను మలచుట ఫోనులో జరుగదు.

మైదానపు కచేరీలనుగూర్చి పెద్దలకు చిన్నచూపు. 2023 ఫిబ్రవరిలో ఇళయరాజా గచ్చిబౌలి స్టేడియమున నిర్వహించిన కచేరీకి తండ్రులును కుమారులును కలిసి పోయిరి. పాటలో తాము ఎన్నడును గమనింపని వయొలిన్ల గుంపును, కోరసును, బేసు గిటారు నడకను కంటితో చూచి, క్యాసెట్టులో నలుబదియేండ్లు విన్న పాట ఇంతమంది చేతులతో కట్టబడినదా యని విస్మయపడిరి. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిలింసిటీలో ఎడ్ షీరన్ పాడెను. అతడు పెద్ద బృందము లేకయే, గిటారుతో ఒక వరుసను వాయించి, కాలితో నొక్కు యంత్రమున దానిని నిలిపి, దానిపై మరియొక వరుసను, తాళమును, గొంతును చేర్చుకొనుచు పాటను జనసమక్షమున కట్టువాడు. పాట యొక్క అంగములు ఒకటొకటిగా చేరుట కంటబడిన యువకునకు, ఇంటికి వచ్చి మరల వినునప్పుడు ఆ పొరలు విడివిడిగా వినబడును. ఇది వివేకము కాక మరేమి? వేలమంది గొంతు కలిపి పాడుటనుగూర్చి సంప్రదాయజ్ఞులు చిరాకు పడనక్కరలేదు. పుష్యబహుళ పంచమినాడు త్యాగరాజారాధనమున నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల పంచరత్నకృతులను విద్వాంసులతోపాటు విద్యార్థులును గోష్ఠిగా పాడుట మన ఆచారమే. తప్పు పాడిన గొంతును పదిగొంతులు కప్పి నడిపించు ఆ గోష్ఠిలో, వినుటకును పాడుటకును నడుమనున్న గోడ కొంతసేపు తొలగును. ఆ మైదానమునకును ఈ గోష్ఠికిని బంధుత్వము కలదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

అయితే సభ యెక్కడ? ఇచ్చటనే తూర్పు నగరపు దుఃస్థితి. శిల్పకళావేదికయు, గచ్చిబౌలి స్టేడియమును పడమట నున్నవి, ఎల్.బి.నగరునుండి గచ్చిబౌలికి పాతిక కిలోమీటర్లకు పైబడిన దూరము. బంజారాహిల్సులోని లామకాన్ వంటి చిన్నవేదిక, క్రొత్త బృందములకు తొలి శ్రోతలనిచ్చునది, ఇటువైపు లేదు. రామోజీ ఫిలింసిటీ మాత్రము విజయవాడ రహదారిమీదనే, మనకు ఇరువది కిలోమీటర్ల ప్రాంతమున నున్నది. విదేశగాయకుడు వచ్చిన రాత్రి నగరమంతయు మన వాకిటినుండియే పోయినది. కాని అచ్చటి టిక్కెట్టు వెల వసతిగృహపు నెలబాడుగను మించుట కలదు. శిక్షణాలయమున చదువు బాలుడు ఆ వెలుగును రహదారినుండి చూచుటయే. వెల లేని సభలు వేరుచోట కలవు: 1961లో ప్రారంభమైన రవీంద్రభారతిలోను, 1966లో స్థాపితమైన త్యాగరాయ గానసభలోను చాల కార్యక్రమములకు ప్రవేశము ఉచితము. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో నడచినందువలన రవీంద్రభారతికి లకిడీకాపూల్ వరకు ఒకే బండి. 2020 ఫిబ్రవరిలో రెండవ మార్గము తెరచినందువలన మహాత్మాగాంధీ బస్సుస్టేషనులో మారి చిక్కడపల్లిలో దిగినచో గానసభ. దిల్‌సుఖ్‌నగరమున చదువు యువకులకు ఈ దారి తెలిసియుండవలసినది. తెలిసినవారు మిక్కిలి తక్కువగా నున్నట్లు నాకు తోచుచున్నది. సంగీతము నేర్వగోరువారికి రాంకోటి ప్రభుత్వ సంగీత కళాశాలయు ఆ దారికి చేరువయే.

కన్యలకు ఈ కష్టము రెట్టింపు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము ఆరుబయట మైకులు రాత్రి పదింటికి ఆగవలెను. మెట్రో చివరిబండి పదకొండు గంటల ప్రాంతమున. వసతిగృహపు తలుపు అంతకన్న ముందే మూయబడును. మంగళమువరకు కూర్చుండవలెనని మనసున్నను, ప్రధానకృతి ముగియకముందే చెప్పులు వెదకుకొనవలసివచ్చు బాలిక అభిరుచి, ఆమె యిష్టముచేత గాక గడియారముచేత నిర్ణయింపబడుచున్నది. ఆమె రాత్రి పండుకొని ఇయర్‌ఫోన్లతో వినుచుండును. వినునది ఎంత మంచిదైనను ఒంటరిగా వినుచుండును. ఉప్పలులో 2019లో తెరచిన శిల్పారామమున వారాంతములలో నృత్యప్రదర్శనలు జరుగుట మంచి ప్రారంభము. నాగోలు మీదుగా మన్సూరాబాదునకు అది దూరము కాదు. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, వనస్థలిపురములలో పెండ్లిమండపములు లెక్కకు మిక్కిలి. ముహూర్తములు లేని ఆషాఢమునందును, మూఢమునందును అవి తాళములు వేసియుండును. ఆ దినములలో ఒక ఆదివారము సాయంకాలము ఐదింటికి ఆరంభించి ఎనిమిదింటికి మంగళము పాడునట్లుగా, ఒక నెల కర్ణాటక గాత్రము, మరునెల నల్లగొండ పాటగాండ్రు, ఆ పైనెల నగరపు యువబృందము, ఏబది రూపాయలకు మించని చీటితో ఏర్పాటు చేయుటకు పెద్ద నిధి అక్కరలేదు. కాలనీ సంఘములవారు గణపతి నవరాత్రులకు సేకరించు చందాలో కొంత భాగము చాలును.